అట్టేపెట్టిన బల్ల

నేనొక చెక్కముక్కను. మూరెడు పొడవు కూడా ఉండను. కానీ నా మీద ఇంగ్లీషు ఉంది. ఆ ఒక్క కారణంతో, నాతోపాటు ఒకే టేకు దుంగలోంచి పుట్టిన కిటికీ రెక్కలకూ పీటలకూ చివరికి ఒక పెద్ద బీరువాకూ దక్కని మర్యాద నాకు దక్కింది. మనుషులు కిటికీని నెట్టేస్తారు, పీట మీద కూర్చుంటారు, బీరువాను మోకాలితో పొడిచి మరీ మూస్తారు. నన్ను చూస్తే మాత్రం ఒక అడుగు వెనక్కి వేస్తారు. చాలాకాలం దాన్ని గౌరవమే అనుకున్నాను.

నన్ను తయారుచేసినవాడు కాకినాడలో బోర్డులు రాసే గవర్రాజు. కిటికీ చేయగా మిగిలిన ముక్కను ఏటవాలుగా కోసి, బల్ల మీద నిలబడేలా వెనక ఒక కాలు తగిలించి, నల్లరంగు పూశాడు. ఆరాక తెల్లరంగుతో ఇంగ్లీషు అక్షరాలు ఎక్కించాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. లాడ్జి మేనేజరు కాగితం మీద రాసిచ్చిన వంపుల్ని ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు దింపేశాడు. టీ తెచ్చిన భార్య నన్ను చూసి, "ఏంటండీ రాశారు?" అని అడిగింది.

"ఏదో రిజర్వుడంట. అర్థం మనకెందుకే? వంకర లేకుండా వచ్చిందా లేదా చూడు."

వంకర లేకుండానే వచ్చింది. అలా నేను అందంగానే పుట్టాను గానీ, నా పేరుకు అర్థమేమిటో తెలియకుండా పుట్టాను. మీకైతే పేరు పెట్టినవాళ్ళు దాని అర్థం కూడా చెప్తారు. నాకు ఆ దిక్కు లేదు. ఎక్కడ పెడితే అక్కడ నిలబడి, చుట్టూ ఏం జరుగుతుందో చూసి, ఓహో నా అర్థం ఇదన్నమాట అని పోల్చుకోవలసిందే.

లాడ్జి కింద భోజనాల హాలు ఉండేది. మేనేజరు కామరాజుగారు నన్ను ఫ్యాను కింద బల్ల మీద నిలబెట్టారు. ఎవరైనా పెద్దవాళ్ళు హఠాత్తుగా వస్తే బల్ల ఖాళీగా ఉండాలని ఆయన ముందుచూపు. పెద్దవాళ్ళు ఎప్పుడోగాని వచ్చేవారు కారు. మధ్యాహ్నం పూట జనం గోడకు ఆనుకుని నిలబడి తమ వంతు కోసం చూస్తుంటే, నేనూ నా బల్లా మాత్రం చల్లగా గాలి తింటూ ఉండేవాళ్ళం. దాంతో నా పేరుకు అర్థం 'ఖాళీ' అనుకున్నాను. ఆకలి ఆపుకోలేక ఎవరైనా కూర్చుంటే సర్వరు పరుగున వచ్చి, నన్ను వేలితో చూపించి, "లేవండి, లేవండి" అనేవాడు. అప్పుడు అర్థం మార్చుకున్నాను. రిజర్వ్‌డ్ అంటే 'లేవండి' అని. ఆ అర్థంతో హాయిగా కొన్నేళ్ళు గడిపాను. పొగరు కూడా వచ్చిందని ఒప్పుకోవాలి. ఇడ్లీ ప్లేటు వచ్చి పక్కన కూర్చుంటే పలకరించేవాణ్ణి కాదు.

లాడ్జి మూతపడ్డప్పుడు బల్లలూ కుర్చీలూ ఎవరెవరో పట్టుకుపోయారు. నన్ను మాత్రం మెట్ల కింద సెలూను నడిపే సింహాచలం తీసుకున్నాడు. నన్ను అంత సంతోషంగా వాడుకున్నవాడు మరొకడు లేడు. టీకి వెళ్తే కుర్చీలో నేను. నిద్రొస్తే కుర్చీలో నేను. గడ్డం గీస్తున్నంతసేపూ సలహాలిచ్చే ఒకాయన వీధి మలుపులో కనబడగానే మళ్ళీ కుర్చీలో నేనే. ఆయన గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, "ఎవరికోయ్ రిజర్వుడు?" అనేవాడు. "ఒక పెద్దాయన వస్తానన్నారండి" అని సింహాచలం వినయంగా చెప్పేవాడు. ఆ పెద్దాయన ఇప్పటిదాకా రాలేదు.

ఒకరోజు దైవసహాయం మాస్టారు గడ్డం గీయించుకోవడానికి వచ్చి నన్ను చూశారు. ఆయన స్పోకెన్ ఇంగ్లీషు చెప్తారు. ఇంగ్లీషు మాట ఎక్కడ కనబడినా ఆగి పలకరించే మనిషి. సబ్బు నురగలోంచే నవ్వారు.

"సింహాచలం, దీన్ని నాకిచ్చెయ్యవయ్యా. నువ్వు దీన్ని తప్పుగా వాడుతున్నావు."

"నాకు బాగానే పనిచేస్తోందండి" అన్నాడు సింహాచలం. అయినా మాస్టారి మీద అభిమానంతో ఇచ్చేశాడు.

అలా నేను పిఠాపురం చేరాను. బస్టాండు ఎదురుగా ఒక టిఫిన్ హోటలు మీది అంతస్తులో మాస్టారి ఇన్‌స్టిట్యూట్. కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళూ, షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళూ సాయంత్రం వచ్చేవారు. మాస్టారు రోజుకో వస్తువు బల్ల మీద పెట్టి దాని మాట నేర్పేవారు. నా వంతు వచ్చింది. నా గుండె, ఉంటే, దడదడలాడి ఉండేది. ఇన్నేళ్ళకు నా అర్థం చెప్పబోతున్నారు కదా!

"రిజర్వ్‌డ్" అన్నారు మాస్టారు గట్టిగా. "అనగా, ప్రత్యేకింపబడినది."

క్లాసంతా రాసుకుంది. వెనక బెంచీలోంచి ఒకావిడ మెల్లగా చెయ్యెత్తింది. "మాస్టారండీ, ప్రత్యేకింపబడినది అంటే ఏంటండీ?"

మాస్టారు కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "రిజర్వుడమ్మా" అన్నారు.

ఆవిడకు వెంటనే అర్థమైంది. నాకే కాలేదు.

ఇక నూకరత్నం సంగతి చెప్పాలి. కింద హోటలు ఆవిడదే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పెసరట్టు తిప్పుతూనే ముగ్గురితో మాట్లాడగలదు. ఆవిడ గొంతు మేడ మీదికి స్పష్టంగా వినబడేది కాబట్టి, నేను కిందికి దిగకముందే ఆవిడ కష్టం నాకు తెలుసు.

ఒకప్పుడు ఆ హోటలు లేదు. బస్టాండు గోడ పక్కన ఒక పొయ్యి, ఒక పెనం, నూకరత్నం. అంతే. అప్పట్లో ఆవిడ దగ్గర తిన్నది ఉప్పాడ నుంచి చేపలు తెచ్చి అమ్మే ఆడవాళ్ళు. తెల్లారి బస్సులో గంపలతో దిగి, వీధులన్నీ తిరిగి అమ్ముకుని, ఇంటికెళ్ళే బస్సు ఎక్కేముందు నూకరత్నం చేతి అట్టు తినేవారు. వానొస్తే గంపల మీది ప్లాస్టిక్ పట్టాలు తీసి పొయ్యికి గొడుగులా పట్టుకుని, తాము తడుస్తూ నిలబడేవారు. "మేం రోజూ నీళ్ళలోనే ఉంటామే, నీ పొయ్యి ఆరకూడదు" అని నవ్వేది వాళ్ళలో పెద్దావిడ మసేనమ్మ. ఆ పొయ్యి ఆరలేదు కాబట్టే ఈ హోటలు వచ్చింది. పైకప్పు వచ్చింది, ఫ్యాన్లు వచ్చాయి, నేలకు తెల్లటి టైల్స్ వచ్చాయి.

టైల్స్ వేసిన రోజు నుంచి మసేనమ్మా వాళ్ళూ లోపలికి రావడం మానేశారు. "నీ నేల మెరిసిపోతందే. మా కాళ్ళకి ఉప్పునీళ్ళు" అని మెట్ల దగ్గరే నిలబడి, కాగితంలో పెట్టించుకుని తినేవారు. నూకరత్నం లోపలికి రమ్మని తిట్టేది, బతిమాలేది. వాళ్ళు నవ్వి ఊరుకునేవారు. పైగా వాళ్ళు వచ్చే వేళకు హోటల్లో కుర్చీ ఖాళీ ఉండదు. తన పొయ్యిని తడవకుండా కాపాడినవాళ్ళు తన పైకప్పు కింద కూర్చోకపోతే ఈ పైకప్పు ఎందుకని నూకరత్నానికి దిగులు పట్టుకుంది. వాళ్ళు మెల్లగా వేరేచోటికి వెళ్ళిపోతారేమోనని భయం కూడా.

ఒక ఉదయం కాఫీ ఇస్తూ మాస్టారిని అడిగింది. "మాస్టారండీ, కిటికీ పక్క బల్ల కొందరికోసం అట్టేపెడదామనుకుంటున్నానండి. వాళ్ళు వచ్చేలోగా వేరేవాళ్ళు కూర్చోకుండా ఏం చెయ్యాలండీ?"

మాస్టారు మెట్లెక్కి వెళ్ళి నన్ను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. "దీన్ని పెట్టు. ఎవరూ కూర్చోరు."

"దీని మీదేం రాసుందండీ?"

మాస్టారు ఆ పాత సమాధానమే చెప్పబోయి ఆగారు. కాఫీ ఒక గుక్క తాగి, "ఇందాక నువ్వే అన్నావుగా. అట్టేపెట్టడం. అదే" అన్నారు.

అట్టేపెట్టడం! ఆ మాట నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. తనకు ఆలస్యమైతే ఇంట్లో కూర అట్టేపెడతారని సింహాచలం సెలూన్లో చెప్పుకునేవాడు. గవర్రాజు భార్య చుట్టుపక్కల ఎవరికో ఒకరికి ఏదో ఒకటి ఎప్పుడూ అట్టేపెడుతూనే ఉండేది. రాని మనిషిని ఒకరు తలచుకుంటూ ఉంటే తప్ప ఏదీ అట్టేపెట్టరు కదా. నా పేరు అంత ఆప్యాయమైన మాటని తెలిశాక నా రంగు మళ్ళీ కొత్తగా వేసినట్టు అనిపించింది. ఆనందంతో వెళ్ళి కిటికీ పక్క బల్ల మీద నిలబడ్డాను.

రోజూ పేపరు చదువుతూ ఆ బల్ల మీదే ఉప్మా తినే పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి, "ఎవరికి?" అన్నాడు.

"చేపల మసేనమ్మా వాళ్ళకి బాబూ."

"వాళ్ళకా? వాసనొస్తుందమ్మా!"

"మజ్జాన్నం మీ ఇంట్లో ఉడికేది ఆ వాసనే కదా బాబూ" అంది నూకరత్నం, ఆయన ప్లేటులో ఇంకాస్త చట్నీ వేస్తూ. ఆయన నవ్వి వేరే బల్లకు వెళ్ళాడు. మంచివాడే. నోరు ముందు మాట్లాడుతుంది, అంతే.

ఇంటికెళ్ళే బస్సు వేళైంది. ఖాళీ గంపలతో మసేనమ్మా వాళ్ళూ వచ్చారు. నూకరత్నం పెనం దగ్గర ఊపిరాడని పనిలో ఉంది. కిటికీ పక్క బల్ల, దాని చుట్టూ ఖాళీ కుర్చీలు, బల్ల మీద నేను. రండి, రండి అని నాకు చేతనైనంత గట్టిగా నిలబడ్డాను. మసేనమ్మ గుమ్మంలోంచి లోపలికి చూసింది. నన్ను చూసింది. పక్కనున్న గంగతో, "ఏదో రాసెట్టేరే. ఎవరో ఆపీసర్లు వత్తారేమో. పద" అంది. ఆ రోజు మెట్ల దగ్గర కూడా నిలబడలేదు. పనివాడి చేత అట్లు కాగితాల్లో పెట్టించుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

మర్నాడూ అంతే, నూకరత్నం పెనం వదిలి వచ్చేసరికి వాళ్ళు లేరు. ఆ మర్నాడు అసలు రాలేదు. ఎదురుగా బస్టాండు దగ్గర కొత్తగా వచ్చిన ఇడ్లీ బండి ముందు నిలబడి తింటున్నారు.

నూకరత్నం గుమ్మంలోకి వచ్చి చూసింది. లోపలికెళ్ళి ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. ఉల్లిపాయలు అప్పటికే తరిగి ఉన్నాయి, అయినా తరిగింది. కళ్ళు తుడుచుకోవడానికి ఆవిడకు ఒక సాకు కావాలి. నాకు బల్ల మీద నిలబడటం సిగ్గనిపించింది. అట్టేపెట్టిన బల్ల, కిందటి జన్మలోని లాడ్జి బల్లలాగే ఖాళీగా ఉంది, అట్టేపెట్టించుకున్నవాళ్ళు రోడ్డు మీద నిలబడి తింటున్నారు.

ఉన్నట్టుండి నూకరత్నం లేచింది. పెనం పనివాడికి అప్పగించి, నన్ను బల్ల మీంచి లాగి చంకలో పెట్టుకుని రోడ్డు దాటింది. కొంగు నడుముకు దోపుకుంది. దెబ్బలాటకే వెళ్తోందని బండివాడు కూడా పక్కకు తప్పుకున్నాడు.

"ఏమే మసేనమ్మా! నా అట్టు చేదైపోయిందా?"

మసేనమ్మ చెయ్యి కడుక్కుంటూ, "నీ అట్టుకేటైందే! నువ్వే కదా బోర్డెట్టేసేవు" అంది.

"అది మీకోసమే పెట్టానే!"

మసేనమ్మ నవ్వింది. కోపంగా కాదు, నమ్మలేనట్టు. "మాకోసం ఎవరైనా బోర్డెడతారేటే? ఎక్కడ సూసినా రాసెట్టేది మమ్మల్ని రావొద్దనే. గంపలు లోనకి తేవద్దని ఒకడు రాత్తాడు, ఇక్కడ కూకోవద్దని ఇంకోడు రాత్తాడు. మాకు సదవడం రాదు గానీ రాసెట్టిన సెక్క కనబడితే ఆగిపోడం వచ్చు."

నాకైతే నేలలోకి దిగిపోవాలనిపించింది. ఇన్నాళ్ళూ నన్ను చూసి జనం వేసిన వెనకడుగును గౌరవమనుకున్నానని చెప్పానుగా. ఆవిడ మాట విన్నాక, అందులో గౌరవం ఏమీ లేదని తెలిసింది.

ఇంతలో ఉప్పాడ బస్సు వచ్చింది. ఆగకముందే జనం మీద పడ్డారు. మసేనమ్మా వాళ్ళు మాత్రం తలుపు వైపు వెళ్ళలేదు. తలల మీద గంప కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదుళ్ళు తీసి, కిటికీల్లోంచి గురిచూసి సీట్ల మీదికి విసిరారు. ఆ తర్వాత తొందరేమీ లేకుండా, గంపలు సర్దుకుంటూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ తలుపు వైపు నడిచారు. అప్పటికే బస్సెక్కిన ఒక ప్యాంటూ షర్టూ మనిషి సీటు దగ్గరికి వచ్చి, దాని మీద తడి చుట్టకుదురు చూసి, ఒక్క మాటైనా అనకుండా వెనక సీటుకు వెళ్ళాడు. దాని మీద అక్షరం ముక్క లేదు. ఇంగ్లీషు అసలే లేదు.

నేను చూశాను. నన్ను చంకలో పెట్టుకున్న నూకరత్నమూ చూసింది. ఆవిడ ఒక్క పరుగున మసేనమ్మ కూర్చున్న బస్సు కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"మసేనమ్మా! నీ చుట్టకుదురు ఇటివ్వు!"

"ఏటికే? రేపు గంప దేని మీద మొయ్యను?"

"నా కొంగు చింపిస్తాను, చుట్టుకో. ముందది ఇవ్వు."

బస్సు కదిలింది. మసేనమ్మకు ఏమీ అర్థం కాలేదు. అయినా నూకరత్నం మొహం చూసి చుట్టకుదురు విసిరింది. అది నా మొహాన పడింది. ఉప్పూ చేపా చెమటా కలిసిన వాసన. టేకు పుట్టుక పుట్టి ఇదేం ఖర్మ అని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం.

మర్నాడు కిటికీ పక్క బల్ల మీద నేను లేను. నా చోట చుట్టకుదురు కూర్చుంది. నన్ను కిటికీ గూట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టారు. ఒక గుడ్డచుట్ట చేతిలో ఓడిపోయినందుకు ఉడుక్కుంటూ, అది కూడా ఓడిపోవాలని రహస్యంగా కోరుకుంటూ, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

వాళ్ళు వచ్చారు. మసేనమ్మ మెట్ల దగ్గర ఆగి లోపలికి చూసింది. ఈసారి చాలాసేపు చూసింది.

"ఒలే గంగా, అది నాదే" అంది.

"నీదేనమ్మా. అయితే ఆ సీటు మనదేనా?"

నూకరత్నం పెనం దగ్గర్నుంచి కదల్లేదు. తిరిగి చూడలేదు కూడా. చూస్తే వాళ్ళు ఎక్కడ సిగ్గుపడి వెళ్ళిపోతారోనని భయం. అట్టు మీద ఉల్లిపాయలు చల్లుతున్న చెయ్యి మాత్రం గాల్లోనే ఆగిపోయింది. మసేనమ్మ కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. ఒక పాదం టైల్స్ మీద పెట్టి, జారుతుందేమోనని చూసుకుని, రెండోది పెట్టింది. వెళ్ళి కూర్చుంది. కూర్చుని చుట్టకుదురును ఒళ్ళో పెట్టుకుంది, బస్సులో పెట్టుకున్నట్టే. వెనకే గంగా మిగతావాళ్ళూ వచ్చి, కుర్చీలు చాలక ఒకరి మీద ఒకరు పడుతూ కూర్చున్నారు. పేపరు పెద్దమనిషి తన పక్క కుర్చీని తీసి వాళ్ళవైపు జరిపాడు.

"ఏంటే, అట్లు మాడిపోతన్నయ్యి! వాసనొత్తంది!" అని మసేనమ్మ అరిచింది.

నిజంగానే మాడిపోయాయి. నూకరత్నం ఆ అట్టు పక్కన పారేసి, కళ్ళు తుడుచుకుని, కొత్త పిండి వేసింది. ఈసారి ఉల్లిపాయల సాకు కూడా వెతుక్కోలేదు. నేను ఉడుక్కోవడం మర్చిపోయాను. అంత సంతోషం కళ్ళముందు జరుగుతుంటే పక్కన కూర్చుని మొహం ముడుచుకోవడం చెక్కకైనా చాతకాదు.

తింటూ తింటూ మసేనమ్మ గూట్లో నన్ను చూసింది. "ఇంతకీ దీని మీద ఏటి రాసుందే?"

"రిజర్వుడని. అంటే అట్టేపెట్టాను అని."

"రిజర్వుడు" అని మసేనమ్మ రుచి చూసినట్టు అని చూసుకుంది. మాట నచ్చింది. ఆ రోజు నుంచి ఆ మాటకు విశ్రాంతి లేదు. బస్సు కిటికీలోకి చుట్టకుదురు విసురుతూ "రిజర్వుడు!" అని కేకేస్తుంది. మంచి వంజరం చేప పడితే తోక వైపు ముక్క ఆకులో చుట్టి తెచ్చి, "నీకు రిజర్వుడే, ఎవరికీ ఇవ్వలేదు" అని నూకరత్నం చేతిలో పెడుతుంది. మనవరాలికి ఒక వరస ముద్దులు సాయంత్రానికి రిజర్వుడట. దైవసహాయం మాస్టారు ఒకరోజు ఈ వాడకమంతా విని, దిద్దబోయి, మానుకుని, ఇంకో పెసరట్టు చెప్పారు. తర్వాతి క్లాసులో ప్రత్యేకింపబడినది అనే మాట వినబడలేదు.

నన్ను కూడా మళ్ళీ బల్ల మీదికి తెచ్చారు. మసేనమ్మ కొత్త చుట్టకుదురు చుట్టుకుని, పాతదాన్ని ఉతికి నా నెత్తిన తగిలించింది. ఇప్పుడు నేను తలపాగా పెట్టుకున్న ఇంగ్లీషువాణ్ణి. పెయింటు అక్కడక్కడా పెచ్చులూడింది. గవర్రాజు చూస్తే బాధపడేవాడేమో. నాకైతే బాధ లేదు. వాసన కూడా అలవాటైపోయింది.

మొన్నొక రోజు వాన పట్టుకుంది. మసేనమ్మ ఒక్కతే ముందుగా వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. మెట్ల మీద ఒక కొత్త మనిషి నిలబడి ఉంది. రోడ్డు పనికి ఎక్కడినుంచో వచ్చిన కూలి మనిషి. చీర కుచ్చిళ్ళ నిండా తారు మరకలు. కాగితంలో ఇడ్లీ పెట్టించుకుని, అది తడవకుండా కొంగు కప్పి, తాను తడుస్తూ తింటోంది. మధ్యలో ఒకసారి తలెత్తి లోపలి ఖాళీ కుర్చీల వైపు చూసింది. చూపు నా మీద పడగానే తల తిప్పేసుకుంది.

"లోపలికి రామ్మా" అంది మసేనమ్మ.

"వొద్దమ్మా. అక్కడేదో రాసి ఉండాది."

"రాసే ఉంది. రిజర్వుడని రాసుంది." ఆ మనిషి ఇంకో మెట్టు కిందికి దిగబోయింది. మసేనమ్మ కుర్చీలోంచి లేచి, నన్ను చేత్తో ఎత్తి ఆవిడవైపు తిప్పి చూపించింది. "అంటే నీకోసం అట్టేపెట్టేరని. రా, కూకో."

ఆవిడ నావైపు చూసింది, మసేనమ్మ వైపు చూసింది, మళ్ళీ నావైపు చూసింది. చెప్పులు మెట్ల మీద విడిచి లోపలికి వచ్చింది. నన్ను చూసి వెనక్కి తిరిగిన మనుషుల్ని బతుకంతా చూశాను. నన్ను చూసి లోపలికి వచ్చిన మొదటి మనిషి ఆవిడ.